చేమిరి

తాడిపత్రిలో బండల పాలీషు మిషను ముందు
పద్నాలుగేండ్లు నిలబడిన మనిషిని.
టైఫాయిడ్ వచ్చి పడుకుంటే
పది దినాలు నరాల్లోకి మందులెక్కించినారు.
జరం పోయింది, సరే.
దాంతోపాటు ఇంకా ఎవరెవరు పోయినారో
ఎవరూ లెక్క రాయలేదు.

ఏం తిన్నా నిలవదు.
రాత్రికి నాలుగుమార్లు లేస్తాను
ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో గోడ.
కరెంటు పోయిన ఫ్యాక్టరీ నా కడుపు,
బెల్టు తిరగదు, కూలోళ్లు లేరు,
గేటుకాడ వాచ్‌మన్ కూడా లేడు.

అనంతపురం పెద్దాసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ
చీటీ వెనకాల పేగు బొమ్మ గీసింది,
వంకరటింకరగా, పెన్న పారినట్టు.
"ఈడ కోట్ల జీవులు కాపురముంటాయి పెద్దాయనా.
మందు చెడ్డదాన్ని చంపుతా మంచివాటినీ తొక్కింది.
ఒంటికి కాపలా కాసే కణాలు చానా మటుకు
ఈ గోడ పక్కనే ఉంటాయి.
ఎవరు మనోళ్లు, ఎవరు దొంగలు అని
వాటికి నేర్పేదాంట్లో ఈ జీవులకూ చెయ్యుంది."
మాత్ర రాయమంటే నవ్వింది.
"కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు.
ఇంట్లో పెరుగుందా?"

లేదు.
లింగమ్మ నా మంచం పక్కన కూర్చున్నన్నాళ్లు
పాలు తోడేసే చెయ్యి ఇంట్లో లేదు.
కుండ కడిగి బోర్లించినాం.

దీపం పెట్టినాక చేమిరి ఇయ్యకూడదంటారు.
అందుకే వన్నూరమ్మ
వెనకవాకిలి గుండా వచ్చింది, కొంగు కింద గిన్నెతో.
"మా ఇంట్లో ఇది తెగిపోయినప్పుడల్లా
మీ లింగమ్మ కాడే తీసుకుంటి.
ఇది మీదేనప్పా. తిరిగొచ్చింది, అంతే."

ఆత్రం నాది.
మొదటి దినమే జొన్నరొట్టెలు రెండు,
గోరుచిక్కుడు కూర గిన్నెడు.
కడుపు డోలు, రాత్రంతా వాయింపు.
లింగమ్మ తిట్టింది:
"వలస పోయినోళ్లు ఒకరొకరే ఊరికొస్తాంటే
బండెడు కూడు కుమ్మరిస్తావా? రవ్వంత, రవ్వంత."

అట్లనే చేసినా.
పిడికెడు కొర్రన్నం, గరిటెడు మజ్జిగ.
వారానికి ఇంకో పిడికెడు. ఉలవకట్టు.
మొన్నటి నుంచి పొట్టు తియ్యని పెసలు.
నాకు అరగని పీచంతా
లోపలోళ్లకు పంక్తి భోజనమంట.
నేను తినేది నా ఒక్కడి కూడు కాదని
యాభైమూడేండ్లకు తెలిసింది.

ఇప్పుడు తోడేసేది నేనే.
పాలలో చిటికెనవేలు పెట్టి చూస్తాను,
కాలకూడదు, చల్లారకూడదు,
పసిబిడ్డకు నీళ్లు పోసే వేడి.
చెంచాడు చేమిరి వేసి, మూతపెట్టి,
గిన్నెను కదిలించకుండా పడుకుంటాను.
ఈ మధ్య ఒక్కసారే లేస్తున్నా.
కొన్ని రాత్రులు అదీ లేదు.

మిషను కాడికి ఎప్పుడు పోతానో తెలీదు.
ఈ పొద్దున మాత్రం
వన్నూరమ్మ ఖాళీ గిన్నెతో వచ్చింది.
రాత్రి పిల్లి మూత తోసేసిందంట.