తోపు

చిత్తూరు రికార్డు రూములో
చెదలు వదిలేసిన పాత రిజిస్టరు తిప్పుతా ఉంటే
ఇంగ్లీషు చేతిరాత నడుమ
మన మాటొకటి ప్యాంటేసుకోని కూర్చోనుండాది:
టోప్.

డిక్షనరీ తీసినా.
ఒక టోప్, పొద్దుగూకులూ తాగడమంట.
ఇంకొకటి చిన్నజాతి సొరచేప.
ఆ తాగుబోతుకీ ఆ చేపకీ పక్కనే
మామిడిచెట్ల గుంపు,
దాని కింద చీమలంత అక్షరాల్లో
తమిళం, తెలుగు.

ఎవుడో దొర ఎండకి తాళలేక
గుర్రం దిగి, ఇదేందని అడిగుంటాడు.
"తోపు సామీ" అనుంటుంది
ఉడతల్ని అదిలిస్తా కావిలుండే మనిషి.
ఆమె పేరు ఏ పేజీలోనూ లేదు.
ఆమె 'తో' మాత్రం ఆయన నాలిక్కి తగిలి
'టో' అయి
ఓడెక్కింది.

కిటికీ అవతల చెంగల్రాయులు.
నకలు కావాలంట, సర్వే నెంబరు నూటా పదకొండు.
"మా జేజినాయన కడవలతో నీళ్లు మోసిన తోపు సార్.
తోతాపురి కిలో మూడు రూపాయలకి పడిన ఏడు
మేమే రంపమేసినాం."
ఇప్పుడేముండాదన్నా.
"రాళ్లు పాతినారు. తెల్లసున్నం కొట్టినారు."

ఇంగ్లీషు పుస్తకంలో మన తోపుండాదని చెప్తే
కాసేపు నన్నే చూసి
"కాయలు దిగతాయా, ఆడ?" అన్నాడు.

నకలంటే ఉన్నదున్నట్టు రాయాల, రూలు.
టోప్ అనే రాసి
సీలేసి ఇచ్చినా.

మెట్లు దిగతా
ఆ కాగితాన్ని రెండుగా మడిచి
నెత్తిన పట్టుకున్నాడు,
బయట ఎండ
మండిపోతా ఉంటే.