పాత మూత

పదహారేండ్ల రంపం మిషన్‌కు
కంపెనీవాళ్లు కొత్త మూత పంపినారు ప్రొద్దుటూరికి,
పైసా అడక్కుండా.
నాలుగు బోల్టులు, ఒక కాగితం:
"పాత మూత తిరిగి పంపవలెను."

యాడుందబ్బా అది?
కొన్న వారానికే పీకి పారేసినాడు మౌనాచారి,
పండ్లు కనపడకుంటే గీత తప్పుతాదని.
వసారా వెతికినాడు, అటక దులిపినాడు,
వేపచెక్క పొట్టులో చెయ్యి పెట్టి దేవినాడు.
ఆ చేతికి చూపుడువేలు సగమే.

వంటింట్లో ఓబుళమ్మ
జొన్నలు చాటలో పోస్తాంది
ఎర్ర మూతతో, తలకొట్టి కొలిచి.

"ఇది పంపితే
నా కొలత యాడికి పోవల్ల?
నీ కొలత తప్పిననాడు
వాళ్లకేం పంపితివి?"

కాగితం మీద "పోయింది" అని రాసి
మౌనాచారి
బోల్టులు బిగిస్తాండాడు.