మీటరు ముల్లు

పొద్దున లేచి నేను మొహం చూసేది
అద్దంలో కాదు, మీటర్లో.
ముల్లు పన్నెండున్నర మీద ఉంటే
రాత్రి ఒద్దికగా బతికామని.
పన్నెండు దిగి ఎరుపు అంచుకి ఆనితే
ఎవరో ఫ్యాను కట్టేయకుండా నిద్రపోయారని.
ఎవరో అంటే మా ఆయనే.

రెండు బ్యాటరీలు మాకు.
ఒకటి అమలాపురం పాతసామాన్ల కొట్లో కొన్నది,
ఐసు లారీ నుంచి విప్పింది, సత్తువ సగమే.
రెండోది కొత్తది, వాయిదాల మీద.
"ముసలాడికి నీళ్లు పట్టావా?" అంటాడు మరిడయ్య
పడవలో గేదె ఉన్నట్టు.

నీళ్లంటే కాలవ నీళ్లు కావు.
బెండమూర్లంక కాలవలో ఎగువ ఊళ్లన్నీ ఉంటాయి,
వాళ్ల సబ్బు, వాళ్ల ఎరువు, గుర్రపుడెక్క కుళ్లు.
సీసాలో కొన్నవే పొయ్యాలి,
ఆరు గదులకి ఆరు గుక్కలు,
మేం తాగేవాటికన్నా శుభ్రమైనవి.

కప్పు మీద సోలారు పలక.
పొద్దున తూర్పుకి, మధ్యాన్నం వెల్లకిలా,
సాయంత్రం పడమటికి,
చంటిపిల్లని పొర్లించినట్టు పొర్లిస్తాను.
కొబ్బరి మట్ట నీడ ఓ మూల పడినా చాలు
పలకంతా అలుగుతుంది.
అందుకే మేం పడవ కట్టేది
చేపలున్న చోట కాదు, చెట్లు లేని చోట.

వేసవిలో కాలవ కట్టేస్తారు.
పడవ బురదలో ఓ పక్కకి ఒరిగి
అన్నం గిన్నె జారుతుంది,
పలక ఉత్తరానికి తిరిగిపోతుంది.
ఇటుకలు పెట్టి లేపుతాం, ముందు పలకని,
తరవాత మంచాన్ని.

అయినా ఎండంటే భయం లేదు. భయం శ్రావణమంటే.
ముసురు పట్టిన మూడో రోజుకి
బేరాలు మొదలవుతాయి.
ఫ్యానా, ఫోనా?
"ఇంకా రెండు లెక్కలున్నాయమ్మా" అంటుంది లోవలక్ష్మి
బల్బు కింద నుంచి కదలకుండా.
దీపం దాని లెక్కలకిచ్చి
మేం చీకట్లో చేపముళ్లు ఏరుకుంటాం.
ఆ ముళ్లకి వేళ్లు చాలు.

గట్టుకి అవతల రొయ్యల చెరువులు.
రాత్రంతా లైట్లు, రాత్రంతా చక్రాలు
నీళ్లలోకి గాలి కొడుతూ.
రొయ్యలకి ఫ్యాన్లే మరి.
ఒళ్లు మండుతుంది గానీ
ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు.

ఐదో రాత్రి ఆ చప్పుడు ఆగింది.
ఆగడంతోనే మెలకువొచ్చింది.
గట్టు మీద ఓ టార్చి పరిగెత్తుకొచ్చింది,
వెనకాలే కాపలా ఏలియా.
"అక్కా, కరెంటు పోయింది. జనరేటరు అంటుకోట్లేదు,
దాని బ్యాటరీ చచ్చింది.
ఇంకో గంటైతే సరుకంతా తేలిపోద్ది."

మీటరు చూశాను.
కొత్తదాంట్లో పన్నెండు పాయింట్ ఒకటి.
ఐదు రోజుల ముసుర్లో చుక్కచుక్క దాచింది.
పిల్ల లెక్కలు, మరిడయ్య పీతల లైటు, నా ఫోను
అన్నీ ఆ పాయింట్ ఒకటిలోనే ఉన్నాయి.

వైర్లు విప్పాను. నల్లది ముందు, ఎర్రది తరవాత.
నిండు చూలాలిని మోసినట్టు
ఇద్దరం బురదలో మోశాం, ఒలక్కుండా.

ఒక దగ్గు. ఇంకో దగ్గు.
జనరేటరు అంటుకుంది.
చక్రాలు తిరిగి నీళ్లు తెల్లగా లేచాయి.
ఏలియా గట్టు మీదే కూలబడి
తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు,
చాలాసేపు.

తెల్లారాక చార్జీ పెట్టి తెచ్చిచ్చాడు.
పన్నెండు పాయింట్ ఏడు!
కొన్నరోజు కూడా ముల్లు అంత ఎక్కలేదు.
ఆ పూట మా ఫ్యాను పట్టపగలు తిరిగింది,
ఖాళీ మంచం మీదకి, ఊరికే.

చెరువు ఆసామి కబురంపాడు.
మా షెడ్డు నుంచి వైరు లాక్కోండి,
ఏమీ ఇవ్వక్కర్లేదని.
మరిడయ్య అప్పుడే బారలతో కొలుస్తున్నాడు.
నేను గట్టుకున్న తాడు వంక చూశాను.
దాని ముడి నేనే వేశాను,
చీకట్లోనైనా విప్పగలను.

"ముసురు తగ్గేదాకానే" అన్నాను.
"ముసురు తగ్గేదాకానే" అన్నాడు,
ఇంకో బార కొలుస్తూ.

మబ్బులో చిన్న చీలిక కనబడితే
కప్పెక్కి పలక తుడిచాను,
ఎందుకైనా మంచిదని.