ఒక్క గుటక

కాలబార్‌లో వాన అందుకుంటే
మా ప్రయోగశాల రేకుల కింద మాట వినపడదు.
డాక్టర్ ఇన్యాంగ్ నోరు ఆపి చాక్‌పీసు పట్టుకుంటారు,
బోర్డు మీద ఆల్కలాయిడ్ల ఇంటిపేర్లు రాస్తారు:
ఇండోల్ వాళ్ళు, ట్రోపేన్ వాళ్ళు,
నల్లమందు పుట్టిన ఐసోక్వినోలిన్ వాళ్ళు,
కాఫీలో ఉండే కెఫీన్ మాత్రం ఓ మూలకి,
వేలువిడిచిన చుట్టంలా.
అందరి ఒంట్లోనూ నత్రజని.
దాదాపు అందరిదీ చేదు నాలుకే.

నేను విద్యార్థిని కాను.
గాజు గొట్టాలు కడిగేదాన్ని.
మేయర్ ద్రావకం చుక్క పడగానే
అడుగున మీగడరంగు మడ్డి దిగితే
"దొరికింది" అని పిల్లలు అరుస్తారు.
ఆ దొరికినదాన్ని సాయంత్రం తూములో ఒంపేది నేను.

ఇవాళ బల్ల మీద ఎసెరే.
ఏటి ఒడ్డున చెట్లెక్కే తీగ, ఊదా పువ్వు,
చాక్లెట్ రంగు గింజ,
అంచు వెంబడి పొడుగాటి గాడి
ఎవరో గోటితో గీసి
ఇక్కడిదాకానే అన్నట్టు.

వాన కాస్త తగ్గింది. ఆయన గొంతు వినిపించింది.
"పూర్వం దీన్ని నూరి తాగించి తీర్పు చెప్పేవారు.
తప్పు చెయ్యనివాడు ధైర్యంగా గటగటా తాగుతాడు,
కక్కేస్తాడు, బతుకుతాడు.
చేసినవాడు భయంతో చప్పరిస్తాడు.
కడుపు ఊరుకుంటుంది, నెత్తురు ఊరుకోదు."
వెనక వరసలో ఒకబ్బాయి
"భలే న్యాయం సార్!" అన్నాడు.

నా చేతిలో బీకరు జారబోయింది.

మా ముత్తవ్వ ఎకానెమ్ తాగింది ఎసెరే.
పక్కనే ఆమె సవతి ఇక్వో.
ఇంట్లో పెద్దామె కొడుకు
మూడు రోజుల్లో చేతికి రాకుండా పోయాడు,
ఈ ఇద్దరిలో ఎవరి చెయ్యో తేలాలి.

ముత్తవ్వకి గుడిసెలో చంటిపిల్ల ఏడుస్తోంది.
పాలు చేపుకొచ్చి పైబట్ట తడిసింది.
ధైర్యం కాదు, తొందర.
సొరబుర్ర ఎత్తి ఒక్క గుటకలో తాగి
అక్కడే కక్కి, మూతి తుడుచుకుని
ఇంటికి పరిగెత్తింది.

ఇక్వో కోళ్ళకి గింజలు వేసినా ఆచితూచి వేసేదట.
పులుసు చల్లారినా ఊదుకుని తాగేదట.
ఆ చేదునీ అలాగే తాగింది.
ముందు మోకాళ్ళు మాట వినలేదు,
తర్వాత చేతులు,
తర్వాత ఊపిరి.
తెరిచిన కళ్ళలో పాపలు
ఆవగింజంత అయిపోయాయట.

పిల్లాడికి ఎవరూ ఏమీ పెట్టలేదు.
దోమజ్వరం.
దాని మందూ ఈ బోర్డు మీదిదే, సింకోనా బెరడులోది.
ఆ రోజుల్లో అది మా ఏట్లోనే ఉంది,
లంగరేసిన ఓడలో
కెప్టెన్ తాళం వేసుకున్న పెట్టెలో.

ఆ చంటిపిల్ల మా అవ్వ న్కోయో.
ముసలితనంలో ఆమె కంట్లో ఒత్తిడి పెరిగింది,
దీపం చుట్టూ రంగుల చక్రాలు కనపడేవి.
ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గోధుమరంగు సీసాని
చీకట్లో దాచేదాన్ని;
వెలుగు తగిలితే మందు ఎర్రబడుతుంది.
ఏం మందని అడిగితే కాంపౌండర్ నవ్వాడు,
"మీ ఎసెరేనే."
చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు.
మాకు చావూ తప్పింది, కన్నూ దక్కింది,
రెండూ ఆ గింజ చలవే.
రోజూ పొద్దున్న చుక్క వేసి
అవ్వ కంటిపాప చిన్నదవడం చూసేదాన్ని,
చిన్నదై, ఇంకా చిన్నదై,
ఆవగింజంత.
అప్పుడు చూపు తిప్పుకునేదాన్ని.

క్లాసు అయిపోయింది. పిల్లలు గొడుగులు వెతుక్కుంటున్నారు.
గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేశాను. ఇరవై మూడు.
బోర్డు తుడవబోతూ ఆగాను.
ఏ ఇంటిపేరు కింద రాయను ఇక్వోని?
పిల్లా జెల్లా లేరు. అడిగేవాళ్ళు లేరు.
నేను పుట్టింది మాత్రం
ఎవరి పాల తొందరలోనో.

చెయ్యి రెండుసార్లు కడుక్కుని
కుండలో నీళ్ళు ముంచుకున్నాను.
ఊదుకోవడానికి అందులో ఏమీ లేదు.
అయినా ఊదుకుని
కొంచెం కొంచెంగా
తాగాను.