మోరీల లెక్క

సిరొంచ నుంచి ఆసరెల్లి దాక
పంతొమ్మిది మోరీలు.
రోడ్డేసిన గుత్తేదారుకు తెల్వదు ఈ లెక్క,
ఓదెలన్నకు తెలుసు.
మోరి మోరికీ బండి ఆపేటోడు,
స్టీరింగు నాకిచ్చి దిగేటోడు.
నేను నడిపి అవుతలికి తీసేది.
ఆయన తొవ్వ దిగి, పత్తిచేను గట్టు పట్టుకొని
చుట్టు తిరిగొచ్చి మళ్ల ఎక్కేటోడు.
సవారీలు మొదట్ల నవ్విన్రు.
తర్వాత వేరే బండి ఎక్కిన్రు.

పదకొండేండ్ల కింద, టమాటల కాలం.
బండి నిండ డబ్బాలు, వాటి నడుమ తొమ్మిదిమంది.
నాకు ఆ దినం జెరం.
నా జాగల లస్మయ్య కొడుకు నిలబడ్డడు
డోరు పట్టుకొని.
ఇంతకంటె చెప్ప.
ఎవరు పెట్టిన్రని బూట్లోళ్లు అడిగిన్రు,
వాళ్లకేం చెప్పినవని చెప్పులోళ్లు అడిగిన్రు.
నిద్ర పడుతుందా అని
ఎవ్వలూ అడుగలే.

అప్పటిసంది వాళ్లింట్ల టమాట లేదు.
వదిన ఉత్త చింతపండుతోనే చారు కాస్తది.
మంచం తలుపుకు ఎదురుంగ.
పక్కింట్ల కుక్కర్ కూస్తె
అన్న గోడకు ఒరుగుతడు, చెయ్యి నోటికి అడ్డం.
గాలి సోకిందన్నరు, నిమ్మకాయలు కోసిన్రు.
నది దాటిచ్చి కాళేశ్వరంల ముంచిన్రు.
ఇప్పసార కొన్నాళ్లు ఆయనకు పనిజేసింది,
తర్వాత ఆయనే దానికి పనిజేసిండు.

మొన్న దవాఖానకు కొత్త సిస్టర్ వచ్చింది,
ఇంటిపేరు ఆత్రం.
పేరుకే గని, ఆమెకు లేదు ఆత్రం.
మూడు వారాలు ఏమడుగలే.
కుర్చీని తలుపు దిక్కు మళ్లేసింది, గంతే.
అన్న కూసున్నడు.

నాలుగో వారం అన్నది:
"ఇది పిచ్చి గాదన్నా.
నీ ఒంటికి 'నిన్న' అనే మాట రాదు.
దానికి అన్నీ ఇయ్యాల్నే.
ఆ మాట నేర్పుదాం,
పలక మీద దిద్దిచ్చినట్టు."

ఆ దినాన్ని చెప్పిచ్చింది,
పొద్దుగాల ఛాయ్ తాగిన కాడి నుంచి.
నడుమ గొంతు ఆగిపోతె
"ఇప్పుడు కాళ్ల కింద ఏముంది?" అంటది.
"గచ్చు."
"ఎట్లుంది?"
"సల్లగ."
మళ్ల ఆగిన కాడి నుంచి.
ఒకసారి చెప్పి వాంతి చేసుకున్నడు.
తొమ్మిదోసారి చెప్తుంటె మతికొచ్చింది,
పేలుడుకు ఇంత ముందు
ఎవరో ఏదో అంటె బండంత నవ్విందని.
ఆ మాట యాదికి లేదు. నవ్వు యాదికుంది.
ఆ దినం వదిన మొదటిసారి
ఆయన నోట చచ్చిపోయినోళ్ల పేర్లు విన్నది.

తర్వాత మోరీలు.
మొదటిది ఊరి కొసన, పిల్లలు చేపలు పట్టేది.
దూరం నుంచి చూసుడు ఒకనాడు.
దాని మీదికి రాయి ఇసురుడు ఒకనాడు.
ఒక్క కాలు పెట్టుడు, ఇంటికి పోవుడు.
రెండు కాళ్లు. చెమట.
గుండె దానంతట అది దిగేదాక
అక్కడ్నే నిలబడుడు.
ఎండకాలం పోయి వానలు పడేసరికి
నాలుగు దాటిండు.
అయిదోదాని కాడ వెనక్కి మర్రిండు.
మళ్ల రెండోదాని నుంచి.
సిస్టర్ మొఖం చిన్నగ చేసుకోలె.
"దిద్దిన అక్షరమే మళ్ల దిద్దుతం గదా," అన్నది.

ఒకనాడు ఆమె నా పక్కసీట్ల కూసుంది.
అన్న చేన్లకెల్లి వస్తుండు,
నేను ఆరో మోరి దాటిచ్చిన.
"మొండయ్యా," అన్నది,
"మోరి మీద నువ్వు ఊపిరి తీస్తలేవు."
నవ్విన. తీస్తలేనా?
పదకొండేండ్లు,
పోంగ పంతొమ్మిది, రాంగ పంతొమ్మిది.
ఎంత ఊపిరి బాకీ పడ్డదో.
నాకేమైంది సిస్టర్,
నాకు ఆ దినం జెరం గదా, అనబోయిన.
జెరం అనేకాడ నాలిక తిరుగలే.

ఓదెలన్న వచ్చిండు, పిక్కల దాక బురద.
ఎక్కలే.
డోరు పట్టుకొని నా దిక్కే చూసి
మెల్లగ అడిగిండు:
"కాళ్ల కింద ఏముందిరా?"
"క్లచ్చి అన్నా."
"ఎట్లుంది?"
"వణుకుతుంది."
"క్లచ్చా?"

ఇంక పదమూడు మోరీలున్నయి.
బండి బందుజేసిన.