రిమార్కుల గడి

ఇరవయ్యారేండ్లు టికెట్లు కొట్టిన చెయ్యి నాది.
మహబూబ్‌నగర్ డిపో, రాయచూర్ రూటు, నైటవుట్లు.
తలలు లెక్కబెట్టుడు నాకెవరూ నేర్పే పని లేదు.

రిటైరైనంక కమిటీల పేరు పెట్టిండ్రు:
మూడు నెల్లకోపారి పిలగాండ్ల హోముకు పోవాలె,
చూడాలె, రాయాలె, సంతకం పెట్టాలె.
జీతం లేదు. చాయ్ ఇస్తరు.

నేను పోయే దినం వాళ్లకు ముందే తెలుసు.
గోడ సున్నం ఇంకా తడిగనే ఉంటది, కొంగుకు అంటుతది.
ఆ పూట పప్పుల పప్పు కనవడతది.

మరికల్ కాడ చెకింగోళ్లు ఎక్కుతరని
ఎదురొచ్చే బస్సు డ్రైవరు లైటు కొట్టి చెప్తుండె మాకు.
ఇక్కడ గా లైటు కొట్టేటోడు ఎవడో
నాకింకా దొరకలె.

అందుకే ఈసారి చెప్పకుండ పోయిన.
మంగళారం, పొద్దుగూకంగ.
గేటు కాడ యాదగిరి బిత్తరపోయి
తాళంచెవి కోసం ఉన్న జేబులన్ని తడిమిండు.

రిజిస్టరుల పంతొమ్మిది. వరండాల పంతొమ్మిది.
లెక్క కుదిరింది.
కుదిరిన లెక్కను నేను నమ్మ.
టికెట్లకు మనుషులు సరిపోయినా
దేవరకద్ర టికెట్టు పట్టుకొని
మక్తల్ దాక కూసునేటోడు ఒకడుంటడు.

ఫిర్యాదుల పెట్టె నా తలకన్న ఎత్తున కొట్టిండ్రు.
సందుల కందిరీగ మట్టితోని గూడు కట్టుకున్నది.
సూపరింటెండెంటు నవ్విండు:
"చూడుండ్రి మేడం, ఒక్క కంప్లైంటు లేదు."
కుర్చీ ఎక్కి, జడపిన్నుతోని మన్ను గీకిన.
లోపల ఒక్కటే కాయితం, బిస్కెట్ పుడకెల్లి చింపింది:

నా పేరు తప్పు ఉంది సార్

ఆ పిలగాని పేరు నేను చెప్పరాదు, చట్టం ఒప్పుకోదు.
తావుర్యా అనుకోండ్రి.
ట్రాన్స్‌ఫార్మర్ రాగితీగ కేసు. మీసం ఇంకా మొలవలె.
తోలుకొచ్చిన నాడు రాసినాయన
తావుర్యాను తిరుపతయ్య చేసిండు,
తండాను తీసి పక్క మండలంల పడేసిండు.

వాళ్లమ్మ మూడుసార్లు వచ్చిందట
రెండు బస్సులు మారి, జొన్నరొట్టెలు మూటగట్టుకొని.
గేటు కాడ వేలు పెట్టి చూసిండ్రు, పైకెల్లి కిందికి.
ఆ పేరుతోని ఎవ్వరు లేరు పోమ్మా అన్నరు.
మూడోసారి రొట్టెలు అక్కడి కుక్కకేసి పోయిందట.
"మా అమ్మ గొంతు ఇన్న మేడం,
పిలిచిన. టీవీ సప్పుడుల ఇనవడలె."

దాచుడు వేరు, పోగొట్టుడు వేరు.
చట్టం పేరును దాచమన్నది.
వీళ్లు పోగొట్టిండ్రు.

రిజిస్టరు ముందల పెట్టిండ్రు, పెన్ను మూత తీసి మరీ.
రిమార్కుల గడిల పై నుంచి కిందిదాక ఒక్కటే మాట:
సంతృప్తికరం, సంతృప్తికరం.
అండ్ల రెండు సంతకాలు నావి.

గడి టికెట్టంత ఉన్నది.
అంచు దాటి రాసిన, మార్జిన్‌ల రాసిన,
పిలగాని అసలు పేరు, తండా పేరు, తల్లి పేరు,
కందిరీగ సంగతి, పెట్టె ఎత్తు అడుగులల్ల.
పాత సంతకాలు రెండిటి పక్కపొంటి
నాటి తారీకు వేసి రాసిన:
అప్పుడు నేను చూడలేదు.

చాయ్ మీద మీగడ కట్టింది.
గేటు తీసుకుంట యాదగిరి మెల్లగ అడిగిండు:
మళ్లెప్పుడొస్తరమ్మా?

చెప్పలె.