కారణం

క్లాక్స్‌విక్ చేపల వేలంశాల కింద
నేలమాళిగ. రాత్రి మూడున్నర.
రాన్‌వా ఒళ్లో కీబోర్డు.

సర్వర్ బతికే ఉంది, ఫ్యాన్లు రొద పెడుతున్నాయి.
లోపల పదకొండు మాయాయంత్రాలు
తమలో తాము గుసగుసలాడుకుంటున్నాయి,
బయటి లోకం ఊడిపోయిందని తెలియక.

మౌస్ లేదు. నల్ల తెర, మిణుకుమనే గీత.
కార్డుల్ని అడిగింది: రెండూ అప్ అన్నాయి,
అబద్ధమేం కాదు.
స్విచ్‌ని అడిగింది:
అప్‌లింక్ ఉండాల్సిన చోట ఖాళీ.

నిన్న సాయంత్రం తీసింది తనే,
సర్దుతున్నాననుకుని.

ఒక్క వరుస కొట్టింది.
ఎంటర్ మీద వేలు కాసేపు తటపటాయించింది.
పింగ్.
జవాబు లేదు.
జవాబు లేదు.
అరవై నాలుగు బైట్లు.

పైన ధరల బోర్డు వెలిగినట్టుంది,
బార్దుర్ రబ్బరు బూటుతో నేలను రెండుసార్లు తన్నాడు.
పడవలు ఇంకా రేవు చేరలేదు.

లాగ్‌బుక్‌లో రాసింది:
కారణం, నేను.